మంచం పక్కన మనిషి: ఇరుగుపొరుగు దేశాల్లో పెద్దల ఆలనాపాలన

మాస్టారి పేరున ఏటా జరిగే ఈ స్మారక ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు అంశం కూడా నిర్వాహకులే చెప్పారు. ముసలివాళ్ళ గురించి మాట్లాడండి, కానీ సభలో కన్నీళ్ళు పెట్టించకండి అన్నారు. ఆ షరతు నాకు నచ్చింది. వృద్ధాప్యం మీద మన సభలు తరచుగా కొడుకులను తిట్టడంతో మొదలై, ఉమ్మడి కుటుంబాన్ని తలచుకోవడంతో ముగుస్తాయి. మంచంలో ఉన్న మనిషిని ఆ పూట ఎవరు లేపారు, ఎవరు ఒళ్ళు తుడిచారు, వాళ్ళకు ఎవరు సాయం అన్న ప్రశ్న దగ్గరికి రాకుండానే భోజనాల వేళ అవుతుంది. నేను ఆ ప్రశ్న దగ్గరే నిలబడి మాట్లాడతాను.

ఈ విషయంలో పోలిక తేవాలంటే మనవాళ్ళు జపాన్ పేరో, స్వీడన్ పేరో ఎత్తుతారు. అక్కడి పన్నులు, అక్కడి జీతాలు మనకు లేవు. పోల్చుకోవలసింది ఖాట్మండుతో, ఢాకాతో, కొలంబోతో అని నా అభిప్రాయం. తల్లిదండ్రులు దైవసమానులన్న మాట అక్కడా ఉంది. కొడుకు గల్ఫ్‌లో ఉండటం, కోడలి నడుం విరగడం, ఊరి దవాఖానాలో డాక్టరు లేకపోవడం అక్కడా ఉన్నాయి. దాదాపు ఒకే కాలంలో, దాదాపు ఒకే రకం చట్టాలు చేసిన ఇరుగుపొరుగువాళ్ళం మనం. ఒకరు చేసింది మరొకరు చూసి నేర్చుకున్నది మాత్రం తక్కువ.

నేను రెవెన్యూ శాఖలో ఆర్డీవోగా పనిచేసి రిటైరైనవాణ్ణి. 2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద డివిజన్ స్థాయిలో ట్రిబ్యునల్ ఉంటుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో దానికి ఆర్డీవో అధ్యక్షుడు. నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల దాకా భరణం ఇప్పించే అధికారం ఆయనకు ఉంది. నోటీసు అందించిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. ఆపైన అప్పీలు కలెక్టరు దగ్గర. ఆ కుర్చీలో కూర్చుని విన్న మాటలే ఇవాళ నేను చెప్పబోయేదానికి ఆధారం.

నా ముందుకు వచ్చిన అర్జీల్లో చాలా భాగం 23వ సెక్షన్ కిందవి. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ దస్తావేజును రద్దు చేయవచ్చని ఆ సెక్షన్ చెబుతుంది. చిక్కంతా ఆ షరతు దస్తావేజులో కనిపించకపోవడంలో ఉంది. కన్నకొడుకు పేరున సెటిల్‌మెంటు రాసే తల్లి 'నన్ను చూడకపోతే ఇది చెల్లదు' అని రాయించదు. రాయించమని లేఖరి గుర్తు చేస్తే ఆమెకే సిగ్గు వేస్తుంది. షరతు రాతలో ఉంటేనే రద్దు అని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో సుదేశ్ చికారా కేసులో చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో మాత్రం ఈ చట్టాన్ని పెద్దల మేలు కోరి ఉదారంగా చదవాలని, అవసరమైతే ఇల్లు ఖాళీ చేయించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉందని చెప్పింది. ఈ సభలో ఆస్తి రాసివ్వాలనుకుంటున్న పెద్దలుంటే ఒక్క మాట వినండి. ప్రేమ ఎంత ఉన్నా సరే, ఆ ఒక్క వాక్యం రాయించండి. ఆ వాక్యం వల్ల చెడిపోయే కొడుకు అది లేకపోయినా చెడిపోతాడు.

ఇక వంతుల సంగతి. ఇద్దరు కొడుకులుంటే తల్లిని నెల వంతున తిప్పడం, తండ్రి పెద్దవాడి దగ్గర, తల్లి చిన్నవాడి దగ్గర ఉండేట్టు పెద్దమనుషుల్లో తేల్చడం మన పల్లెల్లో అందరికీ తెలిసినదే. ముప్పై ఒకటో తేదీ ఎవరి లెక్కలోకి వస్తుందని తగాదా పడినవాళ్ళనూ చూశాను. నలభై, యాభై ఏళ్ళు ఒక ఇంట్లో బతికిన ఆలుమగలను చివరి రోజుల్లో రెండు ఊళ్ళలో పెట్టడం కన్నా క్రూరమైనది నాకు కనపడలేదు. దాన్ని ఆపే మాట చట్టంలో ఎక్కడా లేదు. భరణం ఎంతో చట్టానికి తెలుసు. ఎవరితో కలిసి ఉండాలని ఉందో అడిగే గడి అర్జీలో లేదు.

అందరిలోకీ ఒకావిడ నా మనసులో ఉండిపోయింది. గోదావరి పక్క పల్లె. భర్త పోయాడు. ఉన్న కొద్దిపాటి పొలం కొడుక్కి రాసేసింది. కొడుకు కువైట్‌లో డ్రైవరు. పక్క ఊళ్ళో ఉన్న కూతురు అర్జీ పెట్టించింది. ప్రతివాదులు కొడుకు, కోడలు. కొడుక్కి నోటీసు అందలేదు, అందే దారీ లేదు. కోడలి మీద ఆ చట్టం కింద భరణం బాధ్యతే లేదు, ఎందుకంటే సంతానం అన్న నిర్వచనంలో కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు మాత్రమే ఉన్నారు. విచారణ రోజున ఆ ప్రతివాది కోడలే అత్తగారిని ఆటోలో ఎక్కించుకుని తెచ్చింది. రెండు చంకల కింద చేతులు వేసి మెట్లు ఎక్కించింది. ముసలావిడ తల నున్నగా దువ్వి ఉంది, చీర ఉతికినది. కోడలు కూర్చోబోతూ రెండు చేతులూ నడుం మీద ఆనించి ఒక్క క్షణం అలాగే ఆగింది.

'నెలకు ఎంత కావాలమ్మా?' అని అడిగాను. అడగవలసిన ప్రశ్న అదే.

'డబ్బులు నేనేం చేసుకుంటాను బాబూ. నన్ను లేపి కూచోబెట్టే ఇంకో మనిషిని చూడు. ఇదొక్కత్తీ ఎంతకని లేపుద్ది? దీనికీ నడుం పోయింది' అంది.

కొడుకు నెలకు 3,000 రూపాయలు ఖాతాలో వేయాలని ఉత్తర్వు ఇచ్చాను. ఆవిడ అడిగినదాన్ని ఇచ్చే అధికారం నాకు గానీ, కలెక్టరుకు గానీ, ఆ చట్టం ఏర్పాటు చేసిన మరే అధికారికి గానీ లేదు. ప్రతి జిల్లాకూ 150 మందికి సరిపోయే వృద్ధాశ్రమం పెట్టవచ్చునని చట్టంలో ఉంది. పెట్టి తీరాలని లేదు. పిల్లలకు విధి, ప్రభుత్వానికి ఐచ్ఛికం అన్న ఏర్పాటు అది. పైగా ఆవిడకు ఆశ్రమంతో పనేముంది? ఇల్లు ఉంది, కోడలు ఉంది. కావలసింది రోజుకు కాసేపు ఇంకో రెండు చేతులు.

ఈ చట్టాల వరుస ఒకసారి చూడండి. 1995లో సింగపూర్ తల్లిదండ్రుల పోషణ చట్టం చేసింది. 2000లో శ్రీలంక పెద్దల హక్కుల పరిరక్షణ చట్టం తెచ్చి, భరణం అర్జీలు వినడానికి ప్రత్యేకంగా ఒక మండలి పెట్టింది. 2006లో నేపాల్, 2007లో మనం, 2013లో బంగ్లాదేశ్. 2021లో పాకిస్తాన్ ఒక ఆర్డినెన్స్ జారీ చేసి, తల్లిదండ్రులను ఇంట్లోంచి గెంటేసే పిల్లలకు ఏడాది దాకా జైలు అంది. బంగ్లాదేశ్ చట్టం వీటిలో గట్టిది. తల్లిదండ్రులను వాళ్ళ ఇష్టానికి విరుద్ధంగా వృద్ధాశ్రమంలో పెట్టకూడదు, విడివిడిగా ఉంచకూడదు అని స్పష్టంగా రాసుకున్నారు. వంతుల బాధ ఎరిగినవాణ్ణి గనక ఆ నియమం చదివి నాకు చాలా సంతోషం వేసింది. పోషించకపోతే లక్ష టాకాల దాకా జరిమానా, కట్టకపోతే మూడు నెలల దాకా జైలు. కానీ తల్లో తండ్రో స్వయంగా లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే తప్ప కోర్టు ఆ నేరాన్ని విచారణకు తీసుకోదు. ఏ తల్లి ఇస్తుంది? మన దగ్గరా అంతే. ట్రిబ్యునల్ గుమ్మం దాకా వచ్చి, కొడుకు మొహం చూసి అర్జీ వెనక్కి తీసుకున్న తండ్రులు లెక్కకు మించి ఉన్నారు.

ఈ చట్టాలు అక్కర్లేదని నేను అనడం లేదు. ఆస్తి లాగేసుకుని వీధిన పడేసినవాళ్ళ విషయంలో 23వ సెక్షన్ ఒక్కటే చాలామందిని కాపాడింది. అయితే ఈ చట్టాలన్నిటి ఊహలో ఒకే కుటుంబం ఉంది. ఊళ్ళోనే ఉండి, సంపాదన ఉండి, పెట్టే మనసు మాత్రమే లేని కొడుకు కథ అది. నేను చూసిన కుటుంబాల్లో ఎక్కువ వాటికి మనసు ఉంది, మనుషులు లేరు.

నేపాల్ సంగతి తీసుకోండి. 2021 జనాభా లెక్కల్లో అక్కడ 60 ఏళ్ళు దాటినవాళ్ళు నూటికి పదిమంది. అదే లెక్కల్లో దేశం విడిచి వెళ్ళి ఉన్నవాళ్ళు దాదాపు 22 లక్షలు. విదేశాల నుంచి పిల్లలు పంపే డబ్బు ఆ దేశపు ఆదాయంలో సుమారు నాలుగో వంతుకు సమానం. కొండ ఊళ్ళలో ముసలివాళ్ళు, మనవలు మిగిలారు. పిల్లలు తల్లిదండ్రులను దగ్గరుండి చూడాలని ప్రభుత్వం చట్టం చేస్తుంది, పిల్లలు విదేశాలకు వెళ్ళకపోతే ఆ ప్రభుత్వ ఖజానా గడవదు. పశుపతినాథుణ్ణి దర్శించుకున్న మన యాత్రికుల్లో కొందరు గుడి పక్కన పంచదేవల్ ప్రాంగణంలోకి వెళ్ళి ఉంటారు. ఎవరూ లేని వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఆశ్రమం అది. ఒక దేశానికి అలాంటివి వంద పెట్టినా, కొండ మీది ఇంట్లో ఒంటరిగా ఉన్న ముసలావిడకు అందవు.

శ్రీలంకలో ఆడవాళ్ళు గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్ళడం ఎనభైల నుంచీ ఉంది. 2013లో అక్కడి ప్రభుత్వం ఒక నియమం పెట్టింది. పసిపిల్లలున్న తల్లి వెళ్ళకూడదు, కాస్త పెద్దపిల్లలుంటే వాళ్ళను ఎవరు చూస్తారో చూపించి నివేదిక తెచ్చుకోవాలి. ఆ కాగితంలో సంరక్షకురాలిగా చాలాసార్లు ఉండేది అమ్మమ్మ పేరే. ఆ అమ్మమ్మను ఎవరు చూస్తారన్న గడి మళ్ళీ లేదు. 2022లో దేశం దివాలా తీసి, మందులకు కూడా డాలర్లు లేని పరిస్థితి వచ్చినప్పుడు పిల్లల వయసు పరిమితిని ఐదేళ్ళ నుంచి రెండేళ్ళకు దించేశారు. మన కోనసీమ నుంచి, కడప జిల్లా నుంచి కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళ ఇళ్ళలో జరిగేదీ ఇదే. అక్కడ పరాయి ముసలివాళ్ళకు స్నానం చేయించి వాళ్ళు పంపే డబ్బుతో ఇక్కడ తల్లికి మందులు కొంటారు. తల్లికి స్నానం చేయించేవాళ్ళు ఉండరు.

మన రాష్ట్రాలు వేరే దారిలో అక్కడికే చేరుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. 2021కి వేసిన అంచనాల్లో 60 దాటినవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి పదిమంది, ఆంధ్రప్రదేశ్‌లో 12.4 శాతం, కేరళలో 16.5 శాతం. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను మన శాసనసభ 2024 నవంబరులో ఎత్తేసింది. ఇంకా పిల్లల్ని కనండని పెద్దలు చెబుతున్నారు. ఇవాళ పుట్టే బిడ్డ నాయనమ్మ మంచం పక్కన నిలబడటానికి ఇరవై ఏళ్ళు పడుతుంది. మంచం పట్టినవాళ్ళు ఇవాళే ఉన్నారు.

ఇప్పుడు పింఛన్ల మాట. ఇక్కడ నాకు చెప్పడానికి మంచి విషయాలు ఉన్నాయి, కనక కాస్త ఎక్కువసేపు ఉంటాను. తొంభైల్లో నాలుగేళ్ళ వ్యవధిలో మూడు పొరుగు దేశాలు ముసలివాళ్ళ చేతిలో డబ్బు పెట్టాలని నిర్ణయించాయి. నేపాల్‌లో మన్మోహన్ అధికారి ప్రభుత్వం ఉన్నది తొమ్మిది నెలలే. ఆ తొమ్మిది నెలల్లో చేసిన పని మూడు దశాబ్దాలుగా నిలబడింది. 75 ఏళ్ళు దాటినవాళ్ళకు నెలకు వంద రూపాయలు, పేదవాడా కాదా అని అడగకుండా. ముందు ఐదు జిల్లాల్లో, తర్వాత దేశమంతా. 2008లో వయసు 70కి దించి, దళితులకు, ఒంటరి స్త్రీలకు, కర్ణాలి ప్రాంతం వాళ్ళకు 60 చేశారు. కష్టంలో బతికినవాళ్ళు త్వరగా ముసలివాళ్ళవుతారన్న నిజాన్ని ఒక ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకోవడం అది. 2021 నుంచి ఆ మొత్తం 4,000 నేపాలీ రూపాయలు, అంటే మన లెక్కలో 2,500.

మనకు 1995 ఆగస్టు 15న జాతీయ వృద్ధాప్య పింఛను వచ్చింది. కేంద్రం 60 నుంచి 79 ఏళ్ళవాళ్ళకు ఇచ్చే వాటా నెలకు 200 రూపాయలు. 2007లో ఎంతో ఇప్పుడూ అంతే. కిలో కందిపప్పు ఎంతో చూసి ఈ అంకె గురించి మీరే ఆలోచించుకోండి. మిగతాదంతా రాష్ట్రాల దయ. తెలంగాణలో ఆసరా పింఛను 2,016 రూపాయలు అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 4,000. బంగ్లాదేశ్ 1997-98లో వార్డుకు పదిమంది నిరుపేదలను, అందులో కనీసం ఐదుగురు స్త్రీలను ఎంచుకుని నెలకు వంద టాకాలతో మొదలుపెట్టింది. ఇవాళ మొత్తం 650 టాకాలే అయినా 60 లక్షల మందికి అందుతోంది, అదీ ఎక్కువగా సెల్‌ఫోనుకే. శ్రీలంకలో బీద కుటుంబాల్లో 70 దాటినవాళ్ళకు భత్యం ఉంది. అక్కడ రైతులకు 1987లోనే చందా పద్ధతిలో పింఛను పెట్టారు. తర్వాత నిధి ఎండిపోయి కొన్నాళ్ళు చెల్లింపులు ఆగాయి. వాన మీద బతికే రైతు నెలనెలా చందా కడతాడని నమ్మి కట్టిన పథకం నిలబడదు.

ఊళ్ళో ఒకటో తారీకు పొద్దున చూడండి. తెల్లవారకముందే సచివాలయం ఉద్యోగి ఫోనూ, వేలిముద్ర మిషనూ పట్టుకుని ఇంటింటికీ వస్తారు. ముసలావిడ అరుగు మీద చెయ్యి చాపుతుంది. అరవై ఏళ్ళు నాట్లు వేసి, పొగాకు కొట్టి, అంట్లు తోమిన వేళ్ళ మీద గీతలు మిగలవు. మిషను ఒప్పుకోదు. చెంగుతో తుడిచి మళ్ళీ పెడతారు, వేలు మారుస్తారు, చివరికి కళ్ళో మొహమో చూపించి తీసుకుంటారు. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుంటుంది. మనవడి పుస్తకాలకు ఇన్ని, మందులకు ఇన్ని, మిగిలినవి కొంగుముడిలో. ఆ రోజు ఆ ఇంట్లో ఆవిడ మాట వినపడుతుంది. 2024 వేసవిలో ఎన్నికల వేళ ఇంటికొచ్చి ఇచ్చే ఏర్పాటు కొన్నాళ్ళు ఆగి, ఎండలో సచివాలయాల దగ్గర, బ్యాంకుల దగ్గర వృద్ధులు బారులు తీరినప్పుడు అందరికీ తెలిసొచ్చింది, డబ్బు ఎంతన్నదానితో సమానంగా అది గుమ్మం దాకా రావడం కూడా ముఖ్యమని.

ప్రభుత్వం డబ్బిస్తే పిల్లలు చూడటం మానేస్తారన్న వాదన నా ఉద్యోగకాలమంతా విన్నాను. పెద్ద అధికారులూ అన్నారు, ఊరి పెద్దలూ అన్నారు. నా అనుభవం దీనికి పూర్తిగా ఎదురు. పింఛను ఉన్న తల్లిని వంతు దాటినా ఉంచుకున్న కొడుకులను చూశాను. దీన్ని స్వార్థం అని కొట్టిపారేయకండి. కూలి చేసుకునే ఇంట్లో ఇంకో మనిషి తిండి, మందులు నిజంగానే భారం. ఆ భారంలో కొంత తగ్గితే, అప్పటిదాకా అణగి ఉన్న అభిమానం మళ్ళీ బయటపడుతుంది. బయటి ఆసరా లోపలి ఆసరాకు పోటీ అని అనుకున్నంత కాలం మన విధానాలు ఇలాగే కుంటుతాయి.

అయినా కువైట్ డ్రైవరు తల్లి అడిగినది పింఛను కాదు. నేను చెప్పిన ఏ దేశపు చట్టంలోనూ, పింఛనులోనూ ఆ కోడలు లేదు. చూసుకునే పని చేసే మనిషి ఎవరికీ కనపడలేదు. మన దేశంలో 2019లో ఒక సవరణ బిల్లు తెచ్చి అల్లుళ్ళను, కోడళ్ళను కూడా సంతానం నిర్వచనంలో చేరుస్తామన్నారు. ఆ బిల్లు చట్టం కాలేదు. అందులో కూడా కోడలు కనపడింది బాధ్యురాలిగానే, సాయం కావలసిన మనిషిగా కాదు. పైగా భార్యతో తగాదా వచ్చిన కొడుకులు తల్లిదండ్రుల చేత ఇదే చట్టం కింద అర్జీ పెట్టించి కోడలిని ఇంట్లోంచి పంపించే పద్ధతి ఒకటి మొదలైంది. 2020 డిసెంబరులో వనిత కేసులో, గృహహింస చట్టం కోడలికిచ్చిన నివాస హక్కును ఈ చట్టంతో తుడిచేయకూడదని సుప్రీంకోర్టు ఆపవలసి వచ్చింది. కొడుకులదే బాధ్యత అన్నది మన ఊహ, పెళ్ళైన కూతురు కూడా తండ్రిని పోషించవలసిందేనని 1987లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పని మాత్రం ఎవరి పేరున ఉన్నా కోడలో, కూతురో, తానే డెబ్భై దాటిన భార్యో చేస్తున్నారు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో దీనికి డబ్బున్నవాళ్ళు వెతుక్కున్న దారి నర్సింగ్ బ్యూరో. అమెరికాలో ఉన్న కొడుకు ఫోనులో మాట్లాడతాడు, బ్యూరో ఒక అమ్మాయిని పంపుతుంది. పల్లెల నుంచి వచ్చిన ఆ అమ్మాయిలకు చాలాసార్లు ఇచ్చే శిక్షణ వారం కూడా ఉండదు. పడకపుండు రాకుండా మనిషిని ఎన్ని గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలో, మింగలేని మనిషికి ఎలా కూర్చోబెట్టి అన్నం పెట్టాలో చెప్పేవాళ్ళు లేరు. పన్నెండు గంటల డ్యూటీ, బ్యూరో కమిషను పోగా మిగిలింది జీతం. ఆ అమ్మాయి తల్లి ఊళ్ళో ఎవరి చేతిలో ఉందో ఎవరూ అడగరు. శిక్షణ ఇవ్వడం మనకు చేతకాక కాదు. జపాన్, జర్మనీ ఆసుపత్రుల కోసం తెలంగాణ ప్రభుత్వ సంస్థ ఒకటి మన నర్సులకు భాష నేర్పి, తర్ఫీదు ఇచ్చి పంపుతోంది. నేపాల్ ఇజ్రాయెల్‌తో ఒప్పందం చేసుకుని సంరక్షకులను పంపుతోంది. పరదేశపు వృద్ధులకు తర్ఫీదైన చేతులు, మనవాళ్ళకు దొరికినవి.

ఈ చీకట్లో కేరళ ఒక్కటే నాకు దారి చూపింది. 1993లో కోళికోడ్ మెడికల్ కాలేజీలో ఎం.ఆర్. రాజగోపాల్, సురేష్ కుమార్ అనే డాక్టర్లు, వాళ్ళ మిత్రులు కలిసి నొప్పితో బాధపడే క్యాన్సర్ రోగుల కోసం ఒక చిన్న క్లినిక్ పెట్టారు. మంచం పట్టినవాడు క్లినిక్కు రాలేడని త్వరలోనే తెలుసుకుని, తామే ఇళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టారు. ఇరుగుపొరుగువాళ్ళకు, చదువుకునే పిల్లలకు, బడి పంతుళ్ళకు శిక్షణ ఇచ్చి వెంట తీసుకెళ్ళారు. 2008లో కేరళ దీన్ని ప్రభుత్వ విధానం చేసింది. పంచాయతీ తన ప్రణాళిక నిధుల్లోంచి ఒక నర్సు జీతం, ఒక బండి అద్దె భరిస్తుంది. ఆ నర్సు ఆశా కార్యకర్తను, ఊరివాళ్ళను తోడు తీసుకుని జాబితా ప్రకారం ఇంటింటికీ వెళుతుంది. పుండు కడుగుతుంది, గొట్టం మారుస్తుంది, కోడలికి ఎలా తిప్పాలో చేసి చూపిస్తుంది. దీనికి పక్కనే ఆశ్వాసకిరణం అని ఇంకో పథకం ఉంది. మంచం పట్టినవాళ్ళను చూసుకునే మనిషికి నెలకు 600 రూపాయలు. డబ్బు చాలా చిన్నది, బకాయిలు పడుతూనే ఉంటాయి. కానీ రోగి పేరున కాక చూసేవాళ్ళ పేరున ఒక ప్రభుత్వం డబ్బు ఇవ్వడమనేది నాకు తెలిసినంతలో మన పక్క అపురూపం. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు నెలకు 15,000 పింఛను ఉంది. మంచి పని, గొప్ప మొత్తం. అర్హత సర్టిఫికెట్టు దొరికినవాళ్ళకే అది, వయసు మీరి మంచం పట్టిన మామూలు ముసలావిడకు కాదు.

శ్రీలంకలోనూ ఇలాంటి ముక్క ఒకటి ఉంది. ఊరూరా పెద్దల సంఘాలు ఏర్పడ్డాయి, వాటి మీద డివిజన్, జిల్లా సంఘాలు, పైన జాతీయ సచివాలయం. సంఘంలో సభ్యులు పెద్దలే. నడవగలిగినవాళ్ళు నడవలేనివాళ్ళ ఇంటికి వెళ్ళి చూసి వస్తారు. ఆ దేశానికి మన హైదరాబాద్ కూడా కొంత సాయం చేసింది. 2005లో ఇక్కడ పుట్టిన 108 పద్ధతిలోనే, మన దేశపు ఆర్థిక సాయంతో, ఇక్కడి సంస్థ సాంకేతిక సహకారంతో 2016లో అక్కడ 1990 అన్న ఫోను నంబరుతో సువసేరియ అంబులెన్సులు మొదలయ్యాయి. రెండేళ్ళలో ఉత్తరాది తమిళ జిల్లాల దాకా విస్తరించాయి. అత్యవసరానికి మన దగ్గర నుంచి నేర్చుకున్న పొరుగువాళ్ళ దగ్గర, రోజువారీ పలకరింపు మనం నేర్చుకోవచ్చు. 14567 అన్న ఎల్డర్‌లైన్ నంబరు కూడా తెలంగాణలో మొదలై దేశమంతా వెళ్ళినదే. ఫోను ఎత్తేవాళ్ళు ఉన్నారు. ఫోను పెట్టేశాక ఇంటికి వెళ్ళేవాళ్ళు కావాలి.

మనకు లేనిదేమిటి? గ్రామ సచివాలయం ఉంది, ఏఎన్ఎం ఉంది, ఆశా ఉంది, స్వయం సహాయక సంఘాలు ప్రతి వీధిలో ఉన్నాయి. ఒకటో తారీకున ప్రతి ముసలివాళ్ళ గుమ్మం ఎక్కే ఏర్పాటు ఈ ఉపఖండంలో మరెక్కడా ఇంత విస్తారంగా నేను వినలేదు. ఆ గుమ్మం ఎక్కిన మనిషి వేలిముద్ర తీసుకుని వెళ్ళిపోతున్నారు. అదే అడుగులో ఒక ప్రశ్న అడిగి రాసుకోవచ్చు, మంచంలోంచి తనంతట తాను లేవగలుగుతున్నారా, లేపేది ఎవరు అని. ఆ రెండు సమాధానాలతో ప్రతి ఊరికీ ఒక జాబితా తయారవుతుంది. ఆ జాబితా ఉంటే ఏఎన్ఎం వారానికి ఎన్ని ఇళ్ళకు వెళ్ళాలో తెలుస్తుంది. సంఘంలో ఎంతమంది ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చి, ఎన్ని గంటల పనికి ఎంత కూలి కట్టాలో తెలుస్తుంది. కూలి అన్న మాట గట్టిగానే అంటున్నాను. ఇది పుణ్యం కోసం చేసే పని అని చెప్పి ఇంకో బీద ఆడమనిషి చేత ఊరికే చేయించుకోవడానికి నేను ఒప్పుకోను. మండల ఆసుపత్రిలో రెండు మంచాలు విడిగా పెడితే, కోడలు పుట్టింటి పెళ్ళికి వెళ్ళి నాలుగు రోజులు ఉండి రావడానికి అత్తగారిని అక్కడ చేర్చవచ్చు. ఏళ్ళ తరబడి పుట్టింటి గడప తొక్కని కోడళ్ళు ఎందరో నాకు తెలుసు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఒక పద్దు చాలు, గ్రామసభ తీర్మానం చాలు. ఈ హాలులో మాస్టారి దగ్గర చదువుకున్న సర్పంచులు ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. వాళ్ళకు నా విన్నపం ఒకటే. వచ్చే గ్రామసభలోగా మీ ఊళ్ళో మంచం దిగలేనివాళ్ళ పేర్లు, ఒక్కొక్క పేరుకు ఎదురుగా వాళ్ళను లేపుతున్న మనిషి పేరు, ఆ మనిషి వయసు రాయించండి. ఆ కాగితాన్ని తీర్మానం పుస్తకంలో అతికించి ఒక కాపీ ఆర్డీవోకు, ఒక కాపీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు పంపండి. నమూనా కావలసినవాళ్ళకు నేను రాసి తెచ్చాను, గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి.